టోకెన్ నంబరు నూట పద్నాలుగు

గుడిపాల దాటినాక జ్యూస్ ఫ్యాక్టరీ.
గేటు నుంచి రోడ్డు పొడవునా ట్రాక్టర్లు.
మాది నూట పద్నాలుగు.
నిన్న పొద్దున కోసిన తోతాపురి
గోనెపట్ట కింద వెచ్చగా ఊపిరి తీస్తోంది.
చెయ్యి పెడితే తెలుస్తుంది,
జొరమొచ్చిన బిడ్డ నొసలు మాదిరి.

ఈ రాత్రి పన్నెండుకి నాకూ ఒక గేటు మూస్తారు.
ఎకనామిక్స్ ఆనర్స్.
ఐదు వేలు కట్టి ఒక్క ఊరి పేరు నొక్కాలి:
తిరుపతా, హైదరాబాదా, ఢిల్లీయా.
ఫోనులో ఛార్జింగ్ ముప్పై ఒకటి.

నాన్న పాత డైరీ వెనక పేజీలో గీతలు గీశాను.
ఫీజు, హాస్టలు, మెస్సు, రైలు.
హైదరాబాదు గడిలో నీలవేణక్క గది అద్దెలో సగం.
తిరుపతి గడిలో గంటన్నర బస్సు టికెట్టు,
అదీ శనివారాలకి మాత్రమే.
ఢిల్లీ గడిలో చాలా అంకెలు,
ఒక అమ్మాయి ఫొటో కూడా:
ఎర్ర ఇటుకల గోడ ముందు
స్వెట్టరు వేసుకుని నవ్వుతూ ఉంటుంది.
మా ఇంట్లో ఎవరికీ స్వెట్టరు లేదు.

"ఆ సదువులో ఏం జెప్తారు మే?"
ట్రాలీ అంచున కూచుని రెడ్డెమ్మత్త.
ధర ఎట్లా పుడుతుందో చెప్తారత్తా, అన్నాను.
నవ్వి, వక్కాకు పక్కకి ఉమ్మింది.
"దానికి ఢిల్లీ ఎందుకు?
పుట్టేది ఆ గేటు లోపల, ఏసీ రూములో.
సచ్చేది ఈడ, రోడ్డు మీద."

ఏడో తరగతిలో నాన్నకి తూకం చీటీ చదివి పెట్టాను.
టన్నుకి నూరు కిలోలు సూటు అని రాసుంది.
ఎందుకని అడిగితే
గుమాస్తా తలెత్తకుండా "ఆనవాయితీ" అన్నాడు.
ఇంటర్ పుస్తకంలో ఆ మాట కోసం వెతికాను.
డిమాండు సూత్రం ఉంది, సప్లయి సూత్రం ఉంది,
ఒకదాన్నొకటి కోసుకునే రెండు గీతలున్నాయి.
ఆ గీతలు కలిసిన చోట మా ట్రాక్టరు లేదు.
మూడు ఊళ్ళ సిలబస్‌లూ చదివాను.
సూటు ఎక్కడా లేదు.

మొన్న మూడు చోట్లకీ ఫోన్ చేశాను.
రెండు చోట్ల రింగై రింగై ఆగిపోయింది.
తిరుపతిలో ఎవరో అటెండరు ఎత్తి
మేడమ్ సెలవమ్మా, అని,
మీదేవూరు, అని,
చెప్తే
ఈ ఏడు కాయ రేటెంత పలికింది, అని అడిగాడు.
అది పిలుపో హెచ్చరికో
నాకు ఇంకా తేలలేదు.

పదింటికి చెంగల్రాయుడు కబురు తెచ్చాడు:
తవణంపల్లి ఫ్యాక్టరీలో లైను చిన్నదంట,
కిలోకి రూపాయి తక్కువంట.
నాన్న ముందరి బండ్లు లెక్కపెట్టాడు.
పట్ట ఎత్తి ఒక కాయ నొక్కి చూశాడు.
"యాడ నిలబడినా
పక్క లైనే పోతా ఉండేట్టు కనపడతాది,"
అని మళ్ళీ కప్పేశాడు.
దీన్ని మా లెక్చరరు అవకాశ వ్యయం అని
బోర్డు మీద రాసి కింద గీత గీసింది.
నాన్న గీత గీయలేదు.
చెప్పులు విడిచి, వాటి మీదే కూచున్నాడు.

పదకొండు ఇరవైకి తిరుపతి నొక్కాను.
భయపడి కాదు. కొంచెం భయపడే.
డబ్బు లేక కాదు. అదీ కొంచెం.
ఎక్కువగా ఆ సూటు కోసం,
శనివారం చీటీ చూసి సోమవారం
క్లాసులో ఎవరినో ఒకర్ని నిలదీయొచ్చని.
పైకి చెప్తే ఇది కారణంలా లేదు.
అందుకే అత్తకి బస్సు దగ్గరని చెప్పాను.

రసీదు వచ్చింది. ఛార్జింగ్ ఆరు.
ఆ స్వెట్టరు నాకు ఇంకా కావాలి.
ఏ గడిలో రాయాలో తెలియక
డైరీ మూశాను.

ముందు ఎవరిదో ఇంజను దగ్గింది.
చెంగల్రాయుడు బీడీ ఆర్పి ఎక్కాడు.
పది అడుగులు కదిలాం,
ఆగాం.